రోగనిరోధక శక్తి సూదిమందుతో వస్తుందా?

"డాక్టరుగారూ! మా వారికి 57 ఏళ్ళు. పదేళ్ళుగా షుగర్ ఉంది. నెల రోజుల నుంచి దగ్గు తగ్గడం లేదు. మనిషి బాగా చిక్కిపోయారు. మా మరిదికి నాలుగేళ్ళ క్రితం కిడ్నీ మార్చారు. అతనికి తరచు జలుబు, జ్వరం వస్తుంటాయి. మా బంధువు ఒకాయన ఇద్దరినీ పట్నంలో ఒక క్లినిక్కుకు తీసుకువెళ్ళాడు. ఇద్దరికీ రోగనిరోధక శక్తి తగ్గిపోయిందనీ, పెప్టైడ్ ఇంజక్షన్లు వారానికి రెండు చొప్పున మూడు నెలలు చేయించుకోవాలనీ అక్కడ చెప్పారు. ఇద్దరూ కలిసి చేయించుకుంటే డబ్బు తగ్గిస్తారట. ఒంట్లో సహజంగా ఉండే పదార్థమే గనుక ఏ హానీ లేదన్నారు. మీ జవాబు వచ్చేవరకూ ఆగుదామని నేను పట్టుబట్టాను. చేయించమంటారా?"

ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పత్రికలో అచ్చయ్యేవరకూ ఆగవలసిన విషయం కాదు గనుక ఆమెకు వెంటనే విడిగా జవాబు పంపాను. "ఇద్దరికీ వద్దు. మీ వారికి రేపే కఫం పరీక్ష చేయించండి. మీ మరిదిని కిడ్నీ మార్చిన డాక్టరుకు చూపించండి" అన్నది ఆ జవాబు సారాంశం. ఎందుకు వద్దన్నానో మాత్రం పాఠకులందరూ తెలుసుకోవలసిన సంగతి. ఈ మధ్య ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి.

మా ఆసుపత్రి ఓ.పి.లో "ఒక బలం సూది వేయండి డాక్టరుగారూ" అని ఎవరో ఒకరు అడగని రోజు లేదు. ఒకప్పుడు బి-కాంప్లెక్సు, కాలేయసారం ఇంజక్షన్లు అడిగేవారు. తరువాత సెలైన్ సీసా ఎక్కించమనేవారు. ఇప్పుడు కొంచెం డబ్బున్నవాళ్ళ నోట పెప్టైడ్ అనే మాట వినిపిస్తోంది. పేరు మారింది గాని ఆశ పాతదే.

పెప్టైడ్ అంటే ఏమిటి?

పప్పులో, గుడ్డులో, మాంసంలో ఉండే మాంసకృత్తులు మీకు తెలిసినవే. అమినో ఆమ్లాలనే చిన్న చిన్న పూసలను వరసగా గుచ్చితే మాంసకృత్తు అవుతుంది. ఆ దండ పొట్టిగా ఉంటే దాన్ని పెప్టైడ్ అంటారు. మన శరీరం ఇలాంటి పెప్టైడ్లను ఎన్నింటినో తయారుచేసుకుంటుంది. ఒక అవయవం నుంచి మరో అవయవానికి కబురు మోసే పని వీటిలో చాలావాటిది.

మందుగా వాడే పెప్టైడ్లు కొత్తవి కావు. షుగర్ రోగులు వాడే ఇన్సులిన్ 51 పూసల పెప్టైడ్. కాన్పు సమయంలో నొప్పులు రావడానికి ఇచ్చే ఆక్సిటోసిన్‌లో 9 పూసలే. ఇవి ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మందులు. కనుక పెప్టైడ్ అనగానే మోసం అనుకోనవసరం లేదు. అలాగే "సహజమైనది గనుక హాని లేదు" అన్న మాట కూడా నిజం కాదు. ఇన్సులిన్ కూడా సహజమైనదే. మోతాదు మించితే మనిషి స్పృహ తప్పి పడిపోతాడు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఏ పెప్టైడ్, ఏ జబ్బుకు, ఎంత మోతాదులో, ఎవరి పర్యవేక్షణలో అన్నది తేల్చుకోవాలి.

థైమస్ కథ

రోగనిరోధక శక్తి పేరుతో ఇచ్చే పెప్టైడ్లలో ముఖ్యమైనది థైమోసిన్ ఆల్ఫా-1. ఆ సోదరి ఉత్తరంతో జతచేసిన చీటీలోనూ ఈ పేరే ఉంది. దీని పుట్టుక తెలిస్తే దీని బలమూ, బలహీనతా రెండూ అర్థమవుతాయి.

రొమ్ము ఎముక వెనక, గుండెకు కొంచెం పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది. చిన్నతనంలో పెద్దదిగా ఉండి, వయసు పెరిగేకొద్దీ కుంచించుకుపోతుంది. దీనివల్ల ఏమిటి ప్రయోజనమో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలలో ఈ గ్రంథిని తీసివేసి చూశాడు. అవి చిక్కిపోయి, అంటువ్యాధులకు సులభంగా లొంగిపోయాయి. ఇంకో వింత కూడా కనిపించింది. వేరే జాతి ఎలుక చర్మాన్ని వాటికి అతికిస్తే, మామూలు ఎలుకల్లా దాన్ని తోసివేయకుండా ఉంచుకున్నాయి. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి. ఉత్తరంలోని మరిదిగారి కిడ్నీ విషయానికి వచ్చినప్పుడు ఇది మనకు అవసరమవుతుంది.

టి-కణాలనే తెల్ల రక్తకణాలు శిక్షణ పొందే బడి ఈ థైమస్. ఏది మన శరీరంలోనిది, ఏది పరాయిది అని గుర్తుపట్టడం అవి అక్కడే నేర్చుకుంటాయి. 1960లలో అమెరికాలో అబ్రహాం వైట్, అలన్ గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రజ్ఞులు దూడల థైమస్ నుంచి ఒక సారం తీసి దానికి థైమోసిన్ అని పేరు పెట్టారు. ఆ సారంలోని ఒక పెప్టైడ్‌ను విడదీసి, అందులో 28 అమినో ఆమ్లాలున్నాయని, వాటి వరస ఏమిటో 1977లో ప్రకటించారు. అదే థైమోసిన్ ఆల్ఫా-1. ఇప్పుడు దీనికోసం దూడల దగ్గరకు పోనక్కరలేదు, రసాయనశాలలోనే తయారుచేస్తారు.

ఇది దేనికి పనిచేస్తుంది?

దీర్ఘకాలిక హెపటైటిస్-బి కామెర్ల జబ్బుకు దీన్ని పలు దేశాలు అనుమతించాయి. చైనాలో 1990ల నుంచీ వాడుతున్నారు. 1.6 మిల్లీగ్రాముల మోతాదును వారానికి రెండుసార్లు చర్మం కింద ఇస్తారు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా సాగుతుంది. అయితే ఆ జబ్బుకే ఇప్పుడు టెనోఫొవిర్, ఎంటెకావిర్ అనే మాత్రలు మొదటి వరసలో ఉన్నాయి. రోజుకొక మాత్ర చాలు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్‌కు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా చికిత్స చేస్తున్నారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మాత్రం థైమోసిన్ ఆల్ఫా-1ను ఏ జబ్బుకూ మందుగా ఆమోదించలేదు.

రక్తానికి చీము విషం పాకి ప్రాణం మీదికి వచ్చే స్థితిని సెప్సిస్ అంటారు. రోగనిరోధక శక్తి తలకిందులయ్యే జబ్బు అది. ఈ పెప్టైడ్ నిజంగా ఆ శక్తిని సరిదిద్దేదైతే అక్కడే ఫలితం కనిపించాలి. చైనాలోని 22 ఆసుపత్రులలో 1,106 మంది రోగుల మీద పరీక్ష జరిపారు. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో డాక్టర్లకు గాని, రోగులకు గాని తెలియదు. ఫలితాలు 2025 జనవరిలో ప్రచురించారు. 28 రోజులలో మరణించినవారు మందు తీసుకున్నవారిలో నూటికి 23.4 మంది, తీసుకోనివారిలో 24.1 మంది. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. మందువల్ల ప్రత్యేకంగా పెద్ద హాని కనిపించలేదన్నది నిజమే. కాని హాని చేయనంత మాత్రాన మేలు చేసినట్టు కాదు.

ఇక తరచు జలుబు చేసేవారికి, నీరసంగా ఉన్నవారికి, "ఏ జబ్బూ రాకుండా ముందు జాగ్రత్తగా" కావాలనేవారికి ఇది పనిచేస్తుందని నమ్మదగిన రుజువు లేదు.

శక్తి పెరిగితే మంచిదే కదా?

చాలామందిలో ఒక అపోహ ఉంది. రోగనిరోధక శక్తి అంటే ఇంటిమీది నీళ్ళ ట్యాంకు లాంటిదనీ, తగ్గితే నింపుకోవాలనీ, ఎంత నిండితే అంత మంచిదనీ అనుకుంటారు. నిజానికి అది ఊరి కాపలా లాంటిది. కాపలావాడు నిద్రపోతే దొంగలు పడతారు. మరీ రెచ్చిపోతే ఇంటివాళ్ళనే కొడతాడు. కీళ్ళవాతంలో, లూపస్‌లో, కొన్ని థైరాయిడ్ జబ్బులలో జరిగేది ఇదే. మన రక్షణ కణాలు మన శరీరం మీదే పడతాయి. అలాంటివారికి మేము ఇచ్చే మందులు నిరోధక శక్తిని తగ్గించేవే.

కోవిడ్ నాటి సంగతి చూడండి. ప్రాణవాయువు అవసరమైన రోగులలో చాలామందికి హాని చేసింది వైరస్ ఒక్కటే కాదు, దాని మీద విరుచుకుపడ్డ సొంత నిరోధక వ్యవస్థ కూడా. అలాంటివారిలో మరణాలను తగ్గించిందని 2020 జూన్‌లో ఇంగ్లండు పరిశోధనలో తేలిన మందు డెక్సామెథసోన్. చవకైన పాత స్టెరాయిడ్ అది. దాని పని నిరోధక వ్యవస్థను అణచడం. కాబట్టి "ఇమ్యూనిటీ పెంచుతాం" అని ఎవరైనా అన్నప్పుడు, ఏ భాగాన్ని, ఎంత, ఎందుకు అని అడగడం మన హక్కు.

ఆ ఇద్దరి సంగతి

ముందు మరిదిగారి మాట. ఒకరి కిడ్నీ మరొకరికి అమర్చితే శరీరం దాన్ని పరాయిదిగా గుర్తుపట్టి తోసివేయాలని చూస్తుంది. మిల్లర్ ఎలుకలు గుర్తున్నాయా? థైమస్ లేనివి పరాయి చర్మాన్ని ఉంచుకున్నాయి, ఉన్నవి తోసివేశాయి. సూక్ష్మజీవులను చంపే శక్తీ, అమర్చిన కిడ్నీని తోసివేసే శక్తీ వేరు వేరు కాదు. అందుకే కిడ్నీ మార్చినవారికి టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్ వంటి మందులిచ్చి ఆ శక్తిని కావాలనే తగ్గించి ఉంచుతారు. అతనికి నిరోధక శక్తి తగ్గిందని క్లినిక్కువారు చెప్పింది అబద్ధం కాదు. కాని దాన్ని తగ్గించింది జబ్బు కాదు, కిడ్నీని కాపాడడానికి డాక్టర్లు ఇస్తున్న మందులు. ఒక పక్క దాన్ని అణచే మాత్రలు మింగుతూ, మరో పక్క రెచ్చగొట్టే సూది వేయించుకుంటే ఏమవుతుంది? కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, జలుబు తగ్గించబోయి కిడ్నీ పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అవయవ మార్పిడి జరిగినవారికి థైమోసిన్ ఆల్ఫా-1 ఇవ్వరాదని ఆ మందు తయారుచేసేవారే హెచ్చరిస్తారు.

మరి అతనికి తరచు వచ్చే జ్వరాల మాటేమిటి? కిడ్నీ మార్చిన డాక్టరు రక్తంలో టాక్రోలిమస్ ఎంత ఉందో చూసి, అవసరమైతే మోతాదు సర్దుతారు. ఇన్ఫెక్షన్ ఎక్కడుందో వెతుకుతారు. కిడ్నీ మార్పిడి అయినవారికి 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఇంట్లో మాత్రలు వేసుకుని కూర్చోకూడదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. సొంతంగా మందులు ఆపడం కూడా అంతే ప్రమాదం.

ఇక ఆ సోదరి భర్త. షుగర్ ఉంది, నెలరోజుల దగ్గు, చిక్కిపోవడం. ఈ మూడూ కలిసి వింటే ఏ డాక్టరుకైనా ముందు గుర్తుకు రావలసింది క్షయ. షుగర్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం లేనివారికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్షా, మందులూ ఉచితం. మందులు పూర్తికాలం వాడితే క్షయ నయమవుతుంది. ఆయనకు క్షయే అని నేను అనడం లేదు. షుగర్ అదుపు తప్పినా మనిషి చిక్కుతాడు, ఊపిరితిత్తులలో ఇంకేదైనా ఉండవచ్చు. ఆ సంగతి ఎక్స్‌రే, కఫం, రక్తపరీక్ష చెబుతాయి, సూది చెప్పదు. పెప్టైడ్ వేయించుకుంటూ మూడు నెలలు గడిపితే, ఒకవేళ క్షయే అయితే, ఆ మూడు నెలలూ అది ముదురుతుంది, ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఆ మూడు నెలలను తిరిగి తెచ్చుకోలేము.

సీసాలో ఉన్నది ఏమిటి?

మందు మంచిదే అయినా, సీసాలోనిది ఆ మందేనా అన్నది మరో ప్రశ్న. ఇన్సులిన్ చరిత్రలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. 1922 జనవరి 11న కెనడాలోని టొరాంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవాడికి తొలి ఇన్సులిన్ ఇంజక్షన్ ఇచ్చారు. ఆ సారంలో మలినాలున్నాయి. షుగర్ కొద్దిగానే తగ్గింది, సూది వేసినచోట గడ్డ లేచింది. జేమ్స్ కోలిప్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని శుద్ధి చేసిన తరువాత, జనవరి 23న మళ్ళీ ఇచ్చారు. ఈసారి షుగర్ చక్కగా దిగింది. కుర్రవాడు అతడే, మందూ అదే. తేడా అంతా శుద్ధిలో ఉంది.

ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారానూ, కొందరు ఏజెంట్ల ద్వారానూ పెప్టైడ్ పొడి సీసాలు దొరుకుతున్నాయి. చాలావాటి మీద "పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు" అని చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. అందులో రాసినంత మందు ఉండకపోవచ్చు, వేరే మందు ఉండవచ్చు, సూక్ష్మజీవుల విషం కలిసి ఉండవచ్చు. పెప్టైడ్ తయారీలో పూసల వరస కొంచెం తప్పిన ముక్కలు మిగిలితే వాటికి శరీరం ఎదురు తిరగవచ్చు. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, అక్కడి మందుల షాపులు సొంతంగా కలిపి ఇచ్చే పదార్థాలలో థైమోసిన్ ఆల్ఫా-1ను, మరికొన్ని పెప్టైడ్లను భద్రత మీద సందేహాలున్నవిగా ఒక జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో తరువాత మార్పులు జరిగాయి గాని, అప్పుడు చెప్పిన కారణాలు ఇవే.

పొడిని ఏ నీటితో కలిపారు, ఫ్రిజ్‌లో ఉంచారా, సూది కొత్తదేనా అన్నవి కూడా చూసుకోవాలి. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, ఎయిడ్స్ అంటుకోవచ్చు. హెపటైటిస్‌కు పనికివచ్చే మందు కోసం వెళ్ళి హెపటైటిస్‌నే తెచ్చుకోవడం ఎంత విపరీతం!

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

అవయవ మార్పిడి జరిగినవారు ఈ మందు జోలికే వెళ్ళకూడదు. కీళ్ళవాతం, లూపస్ వంటి జబ్బులున్నవారు తమకు వైద్యం చేసే డాక్టరును అడగకుండా నిరోధక శక్తి పెంచుతామనే ఏ సూదీ వేయించుకోకూడదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, 18 ఏళ్ళ లోపు పిల్లలకు ఇది సురక్షితమని చెప్పడానికి తగిన ఆధారాలు లేవు. హెపటైటిస్-బి రోగులకు ఇచ్చినప్పుడు మధ్యలో కాలేయ పరీక్షల అంకెలు హఠాత్తుగా పెరగవచ్చు. అందుకే రక్తపరీక్షలు చేయిస్తూ ఇవ్వాలి. సూది వేసినచోట ఎరుపు, నొప్పి రావడం మామూలే. ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

చేయించుకునే ముందు ఈ అయిదు ప్రశ్నలు అడగండి:

1. నాకున్న జబ్బు పేరేమిటి? "ఇమ్యూనిటీ తక్కువ" అన్నది జబ్బు పేరు కాదు.

2. ఆ జబ్బుకు ఈ మందు వాడడానికి మన దేశంలో అనుమతి ఉందా?

3. మందు పేరు, మోతాదు, ఎన్నాళ్ళు అన్నవి సంతకంతో చీటీ మీద రాసి ఇస్తారా?

4. సీసా మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయా? బిల్లు ఇస్తారా?

5. నేను వాడుతున్న ఇతర మందులు, నాకున్న ఇతర జబ్బులు మీరు చూశారా?

వీటిలో ఒక్కదానికి జవాబు రాకపోయినా లేచి వచ్చేయండి. అడిగితే కోప్పడే డాక్టరు దగ్గర అసలే వద్దు.

మరి ఏం చేయాలి?

నిజంగానే తరచు జబ్బు పడేవారిని తీసిపారేయకూడదు. ఏడాదిలో రెండుసార్లు నిమోనియా వచ్చినా, గడ్డలు మళ్ళీ మళ్ళీ లేస్తున్నా, నోట్లో తెల్ల పూత వదలకపోయినా కారణం వెతకాలి. షుగర్, రక్తహీనత, హెచ్.ఐ.వి. పరీక్షలు ముందు చేయించాలి. స్టెరాయిడ్ మాత్రలు తెలియక వాడుతున్నారేమో చూడాలి. కొందరు నాటు మందుల పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఇస్తారు.

నిరోధక శక్తికి నిజమైన శిక్షణ ఇచ్చేది టీకా. కాపలావాడికి ఫలానా దొంగ ఫొటో ముందే చూపించడం లాంటిదది. పెద్దలకూ టీకాలున్నాయి. ఏటా ఇన్‌ఫ్లుయెంజా టీకా, షుగర్ ఉన్నవారికి, ముసలివారికి నిమోనియా టీకా, ఇంతకుముందు వేయించుకోనివారికి హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు. మూడోది మొదటిదాని తరువాత ఆరో నెలలో. కిడ్నీ మార్చినవారు మాత్రం తమ డాక్టరును అడిగే వేయించుకోవాలి, సజీవ సూక్ష్మజీవులతో చేసిన టీకాలు వారికి పనికిరావు.

తక్కినవి మీకు తెలిసినవే. పొగాకు మానండి. షుగర్ అదుపులో పెట్టుకోండి. రోజూ ఇంత పప్పు, పెరుగు, వేరుశనగ, తినేవారైతే గుడ్డు తీసుకోండి. ఆ మాంసకృత్తులను విడగొట్టి కావలసిన పెప్టైడ్లను శరీరమే గుచ్చుకుంటుంది. రాత్రి ఏడు గంటలు నిద్రపోండి. ఇవి చెబితే "ఇంతేనా డాక్టరుగారూ?" అని నిరుత్సాహపడతారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, ఖర్చులేని సలహా చెప్పేవాడు వినేవారికి ఇంకా లోకువ.

పెప్టైడ్లు మందులే, అవసరమైన చోట అవి ప్రాణదాతలు. జబ్బు పేరు తెలియకుండా వేసే ఏ సూదీ మందు కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి చీటీ రాసి ఇచ్చి ఉంటే, మొదటి సూది పడకముందే దాన్ని తీసుకుని దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక డాక్టరుకు చూపించండి. వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెంట తీసుకువెళ్ళడం మరచిపోకండి.